ఒక ఓ ఎక్కువైంది

అక్క ఇంగ్లీషు టీచరు. తప్పు కనబడితే దిద్దకుండా ఆమె చెయ్యి ఊరుకోదు. ఆ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి చెల్లెలు, భర్త తనకు దక్కేలా లేడని ఇంగ్లీషులో మెసేజ్ పెట్టింది. కంగారులో 'లూజ్' అన్న మాటకు ఓ ఒకటి ఎక్కువ పడింది. అక్కకు ముందు ఆ తప్పే కనబడింది.

"రెండు ఓలు పెడితే వదులని అర్థం. పోగొట్టుకోవడానికి ఒక్కటే," అని జవాబు పంపాక గానీ మరిది గుర్తుకు రాలేదు. పరుగున బయల్దేరింది.

ఆమె వెళ్లేసరికే మరిది ప్రాణం పోయింది.

"తల్లీ!" అంటూ అక్క చేతులు చాచింది.

చెల్లెలు కదల్లేదు. "నేను రాసింది నీకు అర్థమైంది కదక్కా?"

"అయిందే."

"మరి ఆ జవాబేంటి?"

చెల్లెలు పక్కకు తిరిగి, ముక్కూ మొహం తెలియని ఆసుపత్రి ఆయమ్మ భుజం మీద వాలి బావురుమంది.