బోణి చెయ్యి

షట్టరు సగానికి ఎత్తి, మిగతా సగం భుజంతో పైకి నెట్టి, ఓబుళేశు ఊపిరి తీసుకోవడానికి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఉగాది దాటిందంటే కడప ఎండ మనిషిని పొద్దున్నే పట్టుకుంటుంది. గడప కడిగాడు, పసుపు రాశాడు. అగరొత్తి వెలిగించి లక్ష్మీదేవి పటానికీ, గల్లాపెట్టెకూ చూపించాడు. పరుపుల మీది తెల్లదుప్పట్లు దులిపి పరిచి, గడపకు ఎదురుగా తన చోట కూర్చున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ చీరల అంగడి రోజూ ఇలాగే తెరుచుకుంటోంది.

మనిషి పొడుగే గానీ, వంగి వంగి చీరలు మడిచి వీపు గూని తిరిగింది. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టవు. చేతులు మాత్రం వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టుంటాయి. సన్నటి వేళ్లు, మెత్తటి అరచేతులు, చిన్నప్పుడు మగ్గం దగ్గర కాసిన కాయ ఒకటి. జమ్మలమడుగు పక్క మగ్గాల పల్లె అతనిది. తండ్రి మగ్గం మూలపడ్డాక నేసే చేతులు మడిచే చేతులయ్యాయి.

ఆ చేతులకు అంగట్లో ఒక పేరుంది. బోణి చెయ్యి. అంగడి యజమాని బాలసుబ్రహ్మణ్యం శెట్టి తల్లి రాజ్యలక్ష్మమ్మ పెట్టిన పేరు అది. ఎప్పుడో బేరాలు లేక ఈగలు తోలుకుంటున్న కాలంలో, ఒక పొద్దున మిగతావాళ్లు రాకముందే ఓబుళేశు మొదటి చీర విప్పి చూపించాడట. ఆ రోజు అంగట్లో కాలు పెట్టడానికి చోటు లేదట. అప్పటినుంచి మొదటి చీర అతనే విప్పాలి. బోణికి విప్పిన చీరను, అమ్ముడైనా కాకపోయినా, విప్పిన చెయ్యే మడవాలి. మరొకరు తాకితే లక్ష్మి అలుగుతుందని ఆమె నమ్మకం. బోణి అయిందంటే ఓబుళేశు గొప్పతనం ఆ పూటకు ముగిసినట్టే. తర్వాత మూటలు మోయడం, అందరూ విప్పి పడేసిన చీరలు మడవడం. పల్లకీలో ఊరేగించి వాకిట్లో దించేసినట్టు.

మూడేళ్ల కిందట శెట్టి కర్నూలు పక్కన కల్లూరులో కొత్త అంగడి పెట్టాడు. అద్దాలు, ఏసీలు, కంప్యూటరు బిల్లులు. ఇక్కడి పనివాళ్లను విడతకు ఇద్దరు చొప్పున అక్కడికి ట్రైనింగుకు పంపి, పని పట్టుబడ్డాక అక్కడే కౌంటర్లలో వేసుకుంటున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఓబుళేశు ప్రతిసారీ అడిగాడు, అయినా పెట్టలేదు. మొదటిసారి ఈ వయసులో కంప్యూటరు నీకెందుకప్పా అన్నారు. రెండోసారి పెళ్లిళ్ల కాలం, నువ్వు లేకుంటే ఎట్లా అన్నారు. మూడోసారికి తప్పకుండా నువ్వే అని శెట్టి స్వయంగా మాటిచ్చాడు. ఓబుళేశు సంచి సర్దుకున్నాడు, మనవరాలికి గౌను కూడా కొన్నాడు. తీరా పేర్లు చెప్పిన రోజు, నిన్నగాక మొన్న చేరిన అవినాష్ పేరు వినపడింది. సంచి సర్దినది సర్దినట్టే గోడకు వేలాడుతోంది.

అతనికి కంప్యూటరు మీద మోజేమీ లేదు. భార్య మల్లక్క కల్లూరులో ఉంది. కూతురు పవిత్ర అక్కడి ఆసుపత్రిలో పనికి పోతుంటే, పిల్లను చూసుకోవడానికని వెళ్లిన మనిషి మళ్లీ రాలేకపోయింది. ఇతను అంగడి వెనక గదిలో హోటలు సాంబారు పోసుకుని గోడను చూస్తూ తింటాడు. మల్లక్క కెలికిన సంగటి వేడివేడిగా, ఆమె ఎదురుగా కూర్చుంటే తినాలి. అంతకు మించి కోరిక లేదు. కాదు, ఇంకొకటి ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఎవరో ఒకరు, ఈ పని నువ్వు నేర్చుకోగలవు ఓబుళేశూ అని ఉంటే బాగుండేది. పైకి చెప్పుకోలేదు గానీ, ఆ మాట లేని లోటు అతన్ని కొరుకుతూనే ఉంది.

అసలు సంగతి, ఇంకా కల్లూరికి బయల్దేరని అవినాష్ మొన్న టీ తాగుతూ చెప్పేశాడు.

"నిన్ను యాడికీ పంపరన్నా. అవ్వ ఒప్పుకోదు. నీ చెయ్యి ఈడ నుంచి కదిలితే అంగడి మునిగిపోతాదంట."

విన్న క్షణాన ఓబుళేశుకు ఛాతీ పొంగింది. అదీ మనిషి పిచ్చితనం. టీ అయిపోయాక గానీ ఆ మాటలోని ముల్లు గుచ్చుకోలేదు. పాలిచ్చే బర్రెను కట్టుకొయ్య నుంచి ఎవరు విప్పుతారు? ఆ రాత్రి అన్నం సహించలేదు. కట్టేసింది చెయ్యే కదా, చెయ్యి చెడిందంటే కట్టు తెగుతుందని తెల్లవారేసరికి ఒక ఆలోచన కుదిరింది. ఒక్క పొద్దున బోణి తప్పిపోతే చాలు, నీ చేతిలో ఇంకేముందిలే, పో కల్లూరికి అంటారు. ఈ పొద్దున మల్లక్క ఫోను చేసి ఎప్పటిలాగే పంపుతారంటనా అని అడిగితే, ఈ వారంలో తేలుతుందని చెప్పాడు.

మొదటి బేరం ఎండ గడప దాటకముందే వచ్చింది. పల్లె మనిషి, నలభై దాటిన ఆడామె. చెల్లెలి కూతురికి ఒడిబియ్యం పెట్టాలి, చీర కావాలంది. రాజ్యలక్ష్మమ్మ గల్లాపెట్టె పక్కన పీట మీద జపమాల తిప్పుతూ కూర్చుని ఉంది. ఓబుళేశు లేచి నీలం నూలు చీర తీశాడు. ఆవపువ్వు రంగు అంచు. చేయి ఒక్కసారి విదిలిస్తే చీర దుప్పటి మీద బారుగా పరుచుకుంది. ఆడామె వంగి అంచు నిమిరింది. మొహం విచ్చుకుంది.

"బాగుండాది కదప్పా?"

మామూలుగా అయితే, నీ చెల్లెలి బిడ్డ కోసమే నేసినట్టుండాదమ్మా అనేవాడు. ఈసారి అనలేదు. తండ్రి మగ్గం గుంటలో కూర్చుని అద్దకం గురించి చెప్పినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ నీలం ఏళ్లకేళ్లు ఉతికినా దిగే రంగు కాదు.

"రంగు దిగుతాదమ్మా," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఆమె చెయ్యి అంచు మీదే ఆగింది. ఇంకోటి చూపించమని అడుగుతుందేమోనని అతనికి భయం. అడగలేదు. "నువ్వే చెప్తాండావంటే నిజమే లేప్పా. మా అమ్మ కాడ నుంచీ నీ మాట నమ్మే ఈడికొస్తాండాము," అని చెంగు సర్దుకుని గడప దిగిపోయింది. ఉత్త చేతులతో పోతున్న ఆమెను ఓబుళేశు వీధి మలుపు దాకా చూశాడు. బట్ట విషయంలో అతను అబద్ధమాడటం అదే మొదలు.

చీర మడవబోయాడు. జపమాల ఆగింది.

"తాకొద్దు," అంది రాజ్యలక్ష్మమ్మ. "బోణి తప్పిన చెయ్యి. అట్లే ఉండనీ."

అలాగే ఉంది. పగలంతా ఉంది. మధ్యాహ్నానికి తారు రోడ్డు మెత్తబడింది, వీధిలో కుక్క కూడా తిరగలేదు. వడగాలికి జనం రాకపోతే ఆ తప్పు చేతిదెలా అవుతుంది? కానీ నమ్మకానికి సాక్ష్యం కావాలంటే సూర్యుడు కూడా వచ్చి చెబుతాడు. పెద్దామె రెండుసార్లు కొడుకును పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఓబుళేశు లోపలి అర మీద పాత చీరలు మడుస్తూ అదంతా గమనించాడు. భయం ఉంది, కానీ అంతకంటే ఆశే ఎక్కువ. మల్లక్కకు ఏ మాటతో చెప్పాలో లోపల్లోపల అనుకుంటూ కూడా ఉన్నాడు.

దీపాలు పెట్టే వేళ శెట్టి పిలిచాడు. చెడ్డవాడు కాదు శెట్టి. ఇబ్బందిగా కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఓబుళేశూ, రేపట్నుంచి షట్టరు అవినాష్ తీస్తాడు. ట్రైనింగుకు వాని బదులు ఇంకొకర్ని పంపుతాము లే. నువ్వు గోడౌనులోనే ఉండు. పొద్దున పూట మాత్రం ముందుకు రావద్దప్పా. అమ్మ మనసు ఒప్పుకోవడం ల్యా."

ఓబుళేశు తల ఊపాడు. ఇప్పుడు అడగాలి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు.

"అయితే నన్ను కల్లూరికన్నా పంపండి సావుకారీ. ఈడ నాతో పనేముండాది ఇంక?"

శెట్టి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. పటం వైపు చూశాడు.

"అది కొత్తంగడి కదప్పా," అన్నాడు చివరికి, మెల్లగా. "చెడిన చెయ్యిని తీసుకపోయి కొత్తంగట్లో ఎట్ల పెట్టేది?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఓబుళేశు తన రెండు చేతులూ చూసుకున్నాడు. పొద్దున అవి ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. మంచి చెయ్యి అన్నప్పుడు కదలనివ్వలేదు, చెడ్డ చెయ్యి అన్నాక రానివ్వడం లేదు. చేతుల వెనక ఒక మనిషి ఉన్నాడని ఆ ఇరవై ఏళ్లలో ఎవరికీ తోచలేదు. అబద్ధమాడానని, నీలం రంగు మంచిదేనని చెప్పేద్దామనుకున్నాడు. చెబితే దొంగ అంటారు.

వెనక గదిలోకి పోయి మొహం కడుక్కున్నాడు. గోడ మీది సంచి దించాడు. కొత్తగా సర్దాల్సిందేమీ లేదు. తాళంచెవుల గుత్తిని లక్ష్మీదేవి పటం కింది మేకుకు తగిలించాడు. శెట్టి లోపల గల్లా సర్దుకుంటున్నాడు, పెద్దామె ఇంటికి వెళ్లిపోయింది. అవినాష్ యాడికి పోతాండావన్నా అని అడిగితే, బస్టాండు దాకా అని చెప్పాడు.

నీలం చీర దగ్గర ఒక్క క్షణం ఆగాడు. మడిచి పోదామా అని వంగాడు, చెయ్యి చాచాడు. అంచు తగలబోతుండగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కర్నూలు బస్సు కదిలాక మల్లక్కకు ఫోను చేశాడు. వస్తాండాను అన్నాడు. ఆమె వెంటనే అడిగింది.

"పంపినారా?"

కిటికీలోంచి వేడిగాలి మొహాన కొడుతోంది. సంచిలో చిన్న గౌను చేతికి తగులుతోంది. రేపు పొద్దున ఆమెకు నిజం చెప్పాలి. ఈ పూటకు ఆమెను సంతోషంగా నిద్రపోనిద్దామనుకున్నాడు.

"ఆఁ," అన్నాడు. "సంగటి చెయ్యి."

మర్నాడు షట్టరు అవినాష్ తీశాడు. గడప కడిగారు, అగరొత్తి వెలిగింది. తెల్లదుప్పటి మీద నీలం చీర బారుగా పరుచుకునే ఉంది, ఆవపువ్వు రంగు అంచు ఒక పక్క నేలకు జారి, మడిచే చెయ్యి లేక.