ఎనిమిదో కుర్చీ

మా దయాకుమారి మేడమ్ క్వేకర్లలో కలిశారు. క్రైస్తవుల్లోనే అదొక శాఖ. లండన్‌లో నర్సుగా చేసినప్పుడు అలవాటైందట. ఆదివారం పొద్దున్నే ఆవిడ విల్లా హాల్లో ఏడుగురు గుండ్రంగా కుర్చీలు వేసుకుని గంటసేపు మౌనంగా కూర్చుంటారు. పాస్టరు లేడు, పాట లేదు, కానుకల సంచి లేదు. దేవుడు ఎవరికైనా మాట అందిస్తే వాళ్లు పైకి చెబుతారు. నేను అక్కడ వంట చేస్తున్న మూడేళ్లలో ఆయన రెండుసార్లు అందించాడు. ఒకటి ఏసీ తగ్గించమని.

వాళ్లలో పెద్దా చిన్నా లేరు. "మేడమ్ అనకు పేరమ్మా, పేరు పెట్టి పిలువు. మనమంతా మిత్రులం" అన్నారు మేడమ్. మర్నాడు "దయాకుమారీ, ఇడ్లీ చల్లారిపోతంది" అన్నాను. ఆవిడ ఇడ్లీ ముట్టలేదు. సాయంత్రానికి మళ్లీ మేడమ్ అయ్యారు.

ఆ ఏడుగురిలో ప్రేమరాజు ఒకడు. అమలాపురం వైపు వాడు. గల్ఫ్‌కొచ్చి అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాపులో పదకొండేళ్లుగా బోర్డుల మీద బాణం గుర్తులూ, బండి ఆపవద్దన్న అక్షరాలూ వేస్తున్నాడు. కింద తన పేరుతో ఒక్క బొమ్మయినా ఏదో ఒక గోడ మీద ఉండాలని అతని కోరిక. నాలుగు నెలలు డ్యూటీ దిగాక కూర్చుని వీళ్ల మౌనాన్నే బొమ్మగా వేసి, హాల్లో పెడదామని తెచ్చాడు.

బొమ్మలో ఏడుగురూ ఉన్నదున్నట్టు ఉన్నారు. జెబెల్ అలీలో గోదాము మేనేజరు జోషువా గారు నోరు తెరిచి నిద్రపోతున్నారు. తలుపు దగ్గర టీ ట్రేతో నేను నిలబడి ఉన్నాను.

క్వేకర్లు ఓట్లు వేసుకోరు. అందరి మనసూ ఒకటైతేనే ఏ పనైనా. ఒక్కరికి కుదరకపోయినా వచ్చే నెలకు వాయిదా. మొదటి నెల పేరు మీద గడిచింది. పేరు రాసుకోవడం గర్వమట. ప్రేమరాజు చెరిపేశాడు. రెండో నెల జోషువా గారి నిద్ర మీద గడిచింది. సత్యమే వాళ్లకు ముఖ్యం కాబట్టి, ఆయన నిద్రపోరని ఎవరూ అనలేకపోయారు. చివరికి బొమ్మలో నోరు మాత్రం మూయించారు.

మూడో నెల వంతు నాది.

"అందరం సమానమంటాం. పేరమ్మ ఒక్కతే నిలబడి ఉంటే చూసినవాళ్లేమనుకుంటారు?" అన్నారు మేడమ్.

"నిలబడే ఉంటది కదండీ" అన్నాడు ప్రేమరాజు.

"ఇంకో కుర్చీ వెయ్యి."

ప్రేమరాజు వంటింట్లోకి వచ్చాడు. "అక్కా, నిన్ను కూర్చోబెట్టెయ్యమంటన్నారు."

"కూర్చోబెట్టు. మోకాళ్లు ఎలాగూ పీకేస్తన్నాయి. బొమ్మలో కుర్చీకి తగ్గుతాయేమో."

"ఎగతాళి కాదే. నెల్లాళ్లలో వీసా ఖలాస్. వచ్చే మీటింగులో గోడకెక్కకపోతే చుట్ట చుట్టుకుని ఊరు పట్టుకుపోవాలి."

వేశాడు. బొమ్మలో ఎనిమిదో కుర్చీ, అందులో నేను, నాకెప్పుడూ లేని నీలం పట్టుచీర. మౌనానికి ముందు అందరూ చూశారు. అందరికీ నచ్చింది. మేడమ్ తీర్మానాల పుస్తకం తెరిచి, తలుపు దగ్గరున్న నన్ను మర్యాదకి అడిగారు.

"నువ్వూ మిత్రురాలివే. నీకూ సమ్మతమేనా?"

"బొమ్మ బాగుందండీ. కానీ అందులో ఆవిడెవరో నాకు తెలీదు. నేనెప్పుడూ కూర్చోలేదు కదా."

ప్రేమరాజు ముఖం పాలిపోయింది. మేడమ్ కలం ఆగింది. "అయితే వచ్చే నెల..." అన్నారు.

"వచ్చే నెలకి ఇతనుండడండీ. బొమ్మ మార్చడమెందుకు? ఓ కుర్చీ తెప్పిస్తే అదే నిజమైపోద్ది. ఆ కింద పేరు కూడా రాయనివ్వండి. ఎవరేశారో దాచడం సత్యం కాదేమో, ఆయ్."

నా మాటలో తప్పు వెతుకుతున్నారని తెలుస్తూనే ఉంది. దొరకలేదు. మేడమ్ స్వయంగా భోజనాల బల్ల దగ్గరి కుర్చీ తెచ్చారు. ప్రేమరాజు మూల తన పేరు రాసి, బొమ్మ గోడకు తగిలించాడు. నేను కూర్చున్నాను. మౌనం మొదలైంది.

గంట అయింది. టీ రాలేదు. ఇంకో పావుగంట అయింది. ఒక్కొక్కరూ తలుపు వైపు చూస్తున్నారు. పైకి అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. నాకూ దేవుడు మాట అందించలేదు.

చివరికి జోషువా గారు లేచి వంటింట్లోకి వెళ్లారు. డబ్బాల చప్పుడైంది.

"పేరమ్మా, పంచదార ఎక్కడ?"

మూడేళ్లలో ఆ మౌనంలో నేను విన్న మూడో మాట అది.

"పై అరలో, ఎర్ర మూత డబ్బాలో" అన్నాను, కూర్చునే.

కాసేపటికి ఆయన ట్రే పట్టుకుని తలుపు దగ్గరకొచ్చి, ఎవరికి ముందివ్వాలో తెలియక నోరు తెరుచుకుని నిలబడిపోయారు.

ప్రేమరాజు జేబులోంచి పెన్సిల్ తీశాడు.