నాలుగో పేరుకు వదిలిన జాగా

నేను ఒక నాపరాతి బండను. కంబగిరి మద్దిలేటి ఇంటి అరుగుకు పరిచిన నాటి నుంచి నా మీద మనుషులు కూర్చోవడం, లేచి వెళ్ళడం చూస్తూనే ఉన్నాను. లేచి వెళ్ళడమంటేనే నాకు భయం. ఆ ఆదివారం ఉదయం అతని గుడ్డసంచి నా మీదే సర్దారు. కొబ్బరితాడు, టార్చిలైటు, దారి తప్పకుండా గోడలకు గుర్తులు పెట్టే సున్నం డబ్బా. వాటి మీద భార్య సుంకులమ్మ జొన్నరొట్టెల మూట పెట్టింది.

"ఇన్ని రొట్టెలేందే? గవిలోకి పోతాండామా, పెండ్లికి పోతాండామా?"

"మీ నలుగురి తిండి నాకు తెల్దా? మిగిలితే ఆ గవికే పెట్టు."

"రేపు సందేళకంతా వస్తాలే. మొగం అట్ల పెట్టొద్దు."

గవి అంటే మా కొండ కింది గుహ. లోపల ఏరు పారే చప్పుడు వినిపిస్తుంది. ఆ నీళ్ళు ఎటు పోతాయో ఎవరూ చూడలేదు. బావులు ఎండిపోయిన ఊరికి ఆ దారి కనిపెట్టాలని మద్దిలేటి, అతని ముగ్గురు స్నేహితులు రెండేళ్ళుగా గవిలోకి దిగుతున్నారు. దిగి వచ్చిన ప్రతిసారీ బొగ్గుతో నా మీద పటం గీసేవారు. ఆ గీత ప్రతిసారీ ఇంకాస్త లోపలికి పోయేది. నాకు గుబులుగా ఉండేది.

మనిషి ప్రయాణమై వెళ్ళాక ఇల్లు ఊడవకూడదు. సుంకులమ్మ చీపురు ముట్టలేదు. మధ్యాహ్నం కొండ అవతల అకాల వాన పడింది. గవి నోట్లోంచి ఎర్రనీళ్ళు తన్నుకొస్తున్నాయని ఎవరో పరుగున వచ్చి చెప్పారు. మూడో రోజుకు ముగ్గురి శవాలు బయటికి కొట్టుకొచ్చాయి. మద్దిలేటి రాలేదు. నా మీద దుమ్ము నెల రోజులు అలాగే ఉంది.

మరుసటేడు ఊరివాళ్ళు ఆ నలుగురి గుర్తుగా గవి ముందు రాయి పాతాలనుకున్నారు. పటాలు గీసిన బండే కావాలని నన్ను పెకలించారు. కూర్చునే రాయిని నిలబెడితే అది గౌరవమని మనుషుల నమ్మకం. ఆ గవి వైపు మొహం పెట్టి నిలబడే భయం నాది.

"బండ తీస్కపోండి. ఆయన పేరు మాత్రం కొట్టొద్దు," అంది సుంకులమ్మ. "దొరకని మనిషికి సావు రాస్తారా?"

మూడు పేర్లు చెక్కి, కింద జానెడు జాగా వదిలారు.

ఆమె ప్రతి ఆదివారం వచ్చేది. ఆ మూడు పేర్ల మీద వేలు పెట్టి, వచ్చేపోయేవాళ్ళను అడిగి అడిగి అక్షరాలు నేర్చుకుంది. బొట్టు తీయలేదు. ఊరు గొణిగింది, తర్వాత అలవాటుపడింది.

యాభై ఏళ్ళకు ట్రాక్టరు తగిలి నా మూల విరిగింది. ఒరిగిపోయాను. అక్షరాలు అరిగాయి. పంచాయతీవాళ్ళు ఉరుకుందును పిలిపించారు. ముప్పై ఏళ్ళుగా సమాధుల రాళ్ళు చెక్కే మనిషి. సుంకులమ్మ కర్ర పట్టుకుని వచ్చింది.

"నాయనా, ఆ జాగాలో మద్దిలేటి అని కొట్టు. నేను పోతే ఎవడో పార్టీ గుర్తు ఆడ ఏస్తాడు. ఉత్త పేరే. ఇంకేమీ వద్దు."

"అట్లే అవ్వా. మూడు గంటలకు రా, సూద్దువు."

నన్ను నిలబెట్టి మూల అతికాడు. పాత పేర్లకు లోతు పెంచాడు. తర్వాత ఉలి ఖాళీ జాగా మీదికి వచ్చింది. చెయ్యి దాని అలవాటు కొద్దీ నడిచింది. ముందుగా 'కీ.శే.' పడింది. ఆ తర్వాతే పేరు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

ఆమె వచ్చి వేలు పెట్టింది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

"ముందర ఇదేంది నాయనా?"

ఉరుకుందు చూశాడు. ఉలి కింద పడేశాడు. "అయ్యో అవ్వా... ప్రతి రాయికీ కొట్టి కొట్టి... మిషను తెచ్చి అరగదీస్తా. అదొక్కటే తీస్తే గుంత పడ్తాది, అంతా నున్నగా చేసి నాలుగు పేర్లూ మళ్ళీ కొడతా. కూలి వద్దు."

నేను వణికాను. రాళ్ళు వణికితే ఎవరికీ కనిపించదు.

ఆమె చాలాసేపు ఆ రెండక్షరాల మీద అరచెయ్యి మూసి ఉంచింది. పై పేర్లను ఒక్కొక్కటే తడిమింది.

"ఆ పిల్లోళ్ళ పేర్లు నా కోసరం చెరిపేస్తావా? వాళ్ళ అమ్మలు ఈ రాయి పట్టుకునే ఏడ్చిరి. ఉండనీ," అంది. వేలు కిందికి జరిపి, "కింద తేదీ కొట్టు," అంది.

ఉరుకుందు కళ్ళు తుడుచుకుని ఉలి తీశాడు. 'కీ.శే.' అలాగే ఉంది; దాని కింద ఆమె చెప్పింది, అతను చెక్కాడు.

కంబగిరి మద్దిలేటి 1964 ఏప్రిల్ 19న గవిలోకి దిగాడు. తిరిగి రాలేదు.