తొక్కు సీసాలో పులిసిన పిండి

మా వదిన రోజారాణి హైదరాబాదు నుంచి వచ్చేసినప్పుడు సామానంతా డీసీఎం లారీలో వేయించింది, ఒక్క సీసా తప్ప. ఆ సీసాను బాన్సువాడ దాకా బస్సులో ఒళ్లో పెట్టుకొని వచ్చింది.

అందులో ఉన్నది పులిసిన పిండి. గోధుమపిండి, నీళ్లు, అంతే. అక్కడ మా గోపాలన్న కారు నడిపే రోజుల్లో వదిన ఒక బేకరీలో పని చేసింది. ఈస్టు వేయకుండా ఇలాంటి పిండితోనే బ్రెడ్డు పొంగించడం అక్కడే నేర్చుకుంది. తర్వాత ఆ బేకరీ మూతపడింది. అన్న ఇక్కడికి వచ్చి వరికోత మిషన్ నడుపుతున్నాడు. ఇన్నేళ్ల పనిలో వదినకు మిగిలింది ఆ పిండి ఒక్కటే. ఎప్పటికైనా ఇక్కడ తనే బ్రెడ్డు చేసి అమ్మాలని ఆమె ఆశ.

తెచ్చిన సీసా చిన్నదైపోతే, వదిన దాన్ని మా అమ్మ మామిడికాయ తొక్కు పెట్టుకునే పెద్ద గాజు సీసాలోకి మార్చింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

ఆ పిండికి రోజూ కొత్త పిండి, నీళ్లు పెట్టాలి. పెట్టే ముందు పాతదాంట్లో సగం తీసేయాలి. తీయకపోతే పెరిగి పెరిగి సీసా చాలదు. మొదటి రోజు వదిన తీసిన సగం పట్టుకొని పెరట్లో మోరీ కాలువ దగ్గర నిలబడగానే అమ్మ చూసింది.

"తినే పిండిని మోరీల పోస్తరా ఎవరన్న? ఏం రీతే ఇది?"

"ఇది తీసేసేదే అత్తమ్మా. బేకరీల గిట్లనే చేస్తరు."

"బేకరోళ్లకు బలిసింది. మనకేమైంది?"

మా బాపు పండరి అరుగు మీద నుంచి అందుకున్నాడు. "పొద్దుగాల లేవంగనే దానికి టిఫిన్ పెడుతున్నరు. నేను ఇంటాయనను, నాకింకా చాయ దిక్కు లేదు."

ఆ రోజు తీసిన పిండిని పక్కింటి సోనాబాయి పట్టుకుపోయింది. ఆమెది మహారాష్ట్ర సరిహద్దున ఉన్న డోంగ్లి వైపు. జొన్నరొట్టెల్లో కలిపి చూస్తానంది. మళ్లీ వచ్చి అడగలేదు కాబట్టి నచ్చలేదేమో అనుకున్నాం.

తర్వాత నుంచి వదిన ఒక్క చుక్క కూడా పారబోయలేదు. తీసిందంతా స్టీలు గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో దాచింది. గిన్నె నిండింది. ఇంతలో బజారులోకి తొక్కు కాయలు వచ్చాయి. అమ్మ ఫ్రిజ్ తెరిచి, గిన్నెను చూసి, సీసాను చూసి తీర్పు చెప్పింది.

"ఆదివారం దాంక సూస్త. ఈ గిన్నెల పిండితోటి నలుగురు తినేదేమన్న చేసినవా, సీసా నీదే. లేకుంటే కడిగి తొక్కు పెడ్త. ఫికర్ వద్దు, నేనే కడుక్కుంట."

సాయంత్రం వదిన నా దగ్గరికి వచ్చి కూర్చుంది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేను ఒక్కదాన్నే. బ్యాంకు కాగితమైనా, మందు డబ్బా మీది అక్షరాలైనా నా దగ్గరికే వస్తాయి.

"చిన్నా, బేకరీల మా మేడం ఒకటి చేసేది. అడుగున పండ్లు, మీద గిట్ల తీసేసిన పిండి. కాబ్లర్ అంటరు. ఫోన్ల సూడు ఎట్లుందో."

చదివి చెప్పాను. ఏవో చలిదేశపు పండ్లు రాసి ఉన్నాయి. "అవి మన దగ్గర దొరకవు వదినా," అన్నాను.

"ఏ పండైతేంది? కొంచెం తీపి, కొంచెం పులుపు ఉండాలె. ఉడికితే రసం ఊరాలె. మామిడిపండ్లు లేవా? నేరేడుపండ్లు రాలేదా?"

ఆమె ఆలోచించే పద్ధతి చూస్తే నాకు ముచ్చటేస్తుంది. లేనిదాని గురించి ఒక్క నిమిషం కూడా దిగులుపడదు.

ఆదివారం పొద్దున్నే వదిన, బీర్కూర్ బస్సు దిగిన ఒకామె గంపలో నుంచి నేరేడుపండ్లు ఏరి తెచ్చింది. గింజలు తీసేసరికి వేళ్లు ఊదారంగుకు తిరిగాయి. మామిడిపండ్లను పెద్ద ముక్కలుగా కోసింది. రెంటినీ బెల్లం తురుముతో కలిపి, ఒక చిటికెడు ఉప్పు వేసి, నిమ్మకాయ పిండింది. రసం నాకించి, "ఏం తక్కువైంది?" అని నన్ను అడిగింది. నాకేమీ తక్కువ అనిపించలేదు. ఆమె మాత్రం ఇంకొంచెం నిమ్మరసం పిండింది. మళ్లీ నాకితే, అవును, అప్పటిదాకా అదే తక్కువైంది.

ఇంట్లో ఓవెన్ లేదు. చందూలాల్ బిస్కెట్ల భట్టీకి పోదామంది వదిన.

మా ఊళ్లో భట్టీ అంటే అందరికీ తెలుసు. పండగ ముందు ఆడవాళ్లు పిండి, చక్కెర, నెయ్యి డబ్బాల్లో పట్టుకుపోయి బిస్కెట్లు చేయించుకొస్తారు. దానికొక కట్టుబాటు ఉంది. భట్టీ ముందు స్టూలు వేసుకొని కూర్చోవాలి, తెచ్చిన ప్రతిదీ కళ్ల ముందే రేకు తట్టలో పడాలి, డబ్బా అడుగు దాకా గీకించాలి. ఏదీ మిగిలిందని పక్కన పెట్టనివ్వకూడదు. మా అమ్మ గంగమణి ఈ విద్యలో ఆరితేరింది. ఆమె కూర్చున్న రోజు భట్టీవాళ్లు గరిటెను కూడా రెండుసార్లు గీకుతారు.

సంచి సర్దింది కూడా అమ్మే. భట్టీ దగ్గర దిగాక వంటసోడా మర్చిపోయామని తెలిసింది. అమ్మను కాపలా పెట్టి నేను, వదిన కిరాణాకు నడిచాం. తిరిగి వచ్చేసరికి అమ్మ ముఖం వెలిగిపోతోంది.

"పిండి సాలదన్నడు వీడు. పండ్లన్ని పైకి కనవడుతయట. నేనూకుంటనా? సీసల ఉన్నది గూడ పోయించి, మైదా, నెయ్యి, చక్కెర అన్ని కలిపించిన. ఒక్క బొట్టు ఇడువలే!"

చందూలాల్ చేతులు తుడుచుకుంటూ, "పెద్దమ్మ ఉంటే మాకు గిన్నెలు తోముకునే పని ఉండదక్కా," అన్నాడు.

సంచిలో వచ్చింది గిన్నె ఒక్కటే కాదన్నమాట. పులుపు వాసన కొట్టేదంతా ఒకటే పిండి అనుకొని అమ్మ సీసాను కూడా తెచ్చింది. ఇప్పుడది కొళాయి పక్కన బోర్లించి ఉంది. కడిగేసింది కూడా.

వదిన పోయి సీసా ఎత్తింది. ఎండకు పెట్టి చూసింది. లోపలికి వేలు పోనిచ్చి గోడల వెంట తిప్పింది. వేలికి నీళ్లే తగిలాయి.

నేను నోరు తెరవబోయాను. వదిన నా మణికట్టు పట్టుకొని నొక్కింది. అక్కడ బిస్కెట్ల కోసం ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు.

"మైదా ఇంకో పిడికెడు కావాలె చందన్నా. పిండి పలుచగైంది," అంది వదిన, ఏమీ జరగనట్టే.

ఆ మైదా కలిపి, చివరన సోడా వేసింది. వేయగానే పిండి బుసబుసమని పొంగింది. "ఆగకుండ పెట్టాలె ఇగ," అంటూ పండ్ల మీద గరిటెతో ముద్దలు ముద్దలుగా, నడుమ సందులు వదిలి వేసింది. ఆ సందుల్లో నుంచి రసం పైకి ఉబుకుతుందట. అంత నష్టం జరిగిన మనిషి ఆ సందుల కొలత మర్చిపోలేదు. అలాంటి ఓపిక నాకైతే లేదు.

తట్ట బయటికి వచ్చినప్పుడు పైన బంగారు రంగు గుట్టలు, వాటి మధ్య ఊదారంగు రసం కుతకుత ఉడుకుతోంది. నెయ్యి, బెల్లం, మామిడి వాసన బజారు దాకా పోయింది. బిస్కెట్ల ఆడవాళ్లు లేచొచ్చి చుట్టూ నిలబడ్డారు. అమ్మ వాళ్లకు తలా ఒక చెంచా పెట్టించింది. "మా కోడలు చేసింది," అని అడగని వాళ్లకు కూడా చెప్పింది.

ఇంట్లో బాపు రెండుసార్లు వేయించుకున్నాడు. మూడోసారి గిన్నె ఇవ్వకుండా తట్టే ముందుకు లాక్కున్నాడు. "దానికి టిఫిన్ పెడితే పెట్టిన్రు గని, ఊకెనే పోలే," అన్నాడు. అన్న వాటా అని మూత పెట్టిన గిన్నెకు నన్ను కావలి పెట్టారు.

అమ్మ అంచుల్లో కరకరలాడే ముక్కలు ఏరుకొని తిని, చెయ్యి కడుక్కుంది. "ఇగ సీసా నీదే పో. తొక్కు జాడీల పెట్టుకుంట."

"సీసా ఉన్నది అత్తమ్మా," అంది వదిన మెల్లగా. "అండ్ల ఉండేదే లేదు."

అమ్మకు అర్థం కాలేదు. వదిన వివరంగా చెప్పింది. గిన్నెలో కొంచెం మిగిలినా మళ్లీ పెంచుకోవచ్చు. సీసాలో కొంచెం మిగిలినా సరే. ఇప్పుడు రెండూ పోయాయి. కొత్తగా పులియబెట్టొచ్చు గాని, ఇన్నేళ్లు పెంచిన ఆ పిండి అయితే రాదు.

అమ్మ మూలకున్న పీట మీద కూలబడింది. "మరి అక్కడ్నే చెప్పవైతివి?"

"నెయ్యి, చక్కెరల కలిసినదాన్ని తియ్యొస్తదా? ఊకె నలుగుర్ల మీరు చిన్నబోదురు."

అమ్మ లేచి దేవుడి గూట్లో దీపం పెట్టింది.

అప్పుడే సోనాబాయి వచ్చింది. "అగో బాయీ, గల్లీ గల్లీ వాసనొస్తుంది, నన్ను పిలువరా?" అంటూ చెంచా అందుకుంది. రెండు ముద్దలు తిన్నాక సంగతి విని నవ్వింది.

"గంతేనా? ఆ దినం తీస్కపోయింది నా దగ్గరున్నది గద! రొట్టెలల్ల ఏసేదేసి, అడుగుకు జెరంత ఉంచి మళ్ల పిండి కలుపుత. నాకు మస్తు మెత్తగొస్తున్నయ్ రొట్టెలు. గందుకే మళ్ల అడుగలే."

వదిన చటుక్కున లేచింది. సీసా చంకలో పెట్టుకొని గడప దాకా పోయింది.

"ఏడికి?" అమ్మ గట్టిగా అడిగింది.

"సోనక్క ఇంటికి, అత్తమ్మా. జెరంత తెచ్చుకుంట."

"దీపం పెట్టినంక తోడు అడుగుతరా ఎవరన్న? ఇచ్చేటోళ్లకు మంచిది గాదు, తెచ్చుకునేటోళ్లకు మంచిది గాదు. గీ మాత్రం తెల్వదా? ఆడ పెట్టు సీసా."

సోనాబాయి కూడా తలూపింది. మా ఇళ్లల్లో పెరుగుకు తోడు విషయంలోనే ఈ పట్టింపు. పొద్దుగూకాక పాలు ఇస్తారు, పిండి ఇస్తారు, తోడు మాత్రం ఇవ్వరు. వదిన పిండిని అమ్మ తోడు అనడం అదే మొదటిసారి.

వదిన గడపలోనే ఆగి అమ్మ వైపు చూసింది. భట్టీ దగ్గర రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి.

తెల్లవారి నేను లేచేసరికి వదిన ఇంకా పడుకొనే ఉంది. అమ్మ సోనాబాయి ఇంటి నుంచి వస్తోంది. పెరుగు తోడు తెచ్చినప్పుడు ఎవరి కన్నూ పడకుండా ఎలా తెస్తుందో అలాగే, సీసాను కొంగు చాటున పట్టుకొని వస్తోంది. దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి మూత తీసి వాసన చూసింది.

"చాయ అయ్యిందా?" బాపు అరుగు మీద నుంచి అరిచాడు.

"ఆగయ్యా జెర," అంది అమ్మ. పిండి డబ్బా ముందరేసుకొని నా వైపు తిరిగింది. "మీ వదినను లేపు. దీనికెంత పెట్టాలెనో అడుగుదాం."