ఏడు గంటల రూపాయి

ఆ కంపెనీలో శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక ఎవరూ పని ముట్టుకోరు. నూట అరవై మందీ కుర్చీలు లాక్కుని నాలుగో అంతస్తు హాల్లో చేరతారు. పెద్దక్క వాళ్ల ముందు నిలబడి, ఆ వారం వచ్చిన ఫిర్యాదుల్లో పదింటిని పైకి చదువుతుంది. పేర్లూ నంబర్లూ నల్ల సిరాతో కొట్టేసి ఉంటాయి. ఆ పదీ ఏరి కవరులో పెట్టేది కస్టమర్ కేర్ మేనేజరు. హాల్లోకి వచ్చేదాకా పెద్దక్క ఆ కవరు విప్పకూడదు. తిట్లుంటే తిట్లతో సహా చదవాలి. ఈ నియమం ఆమె పెట్టుకున్నదే. మన తప్పులు మన నోటితో చదువుకుంటే తప్ప బుద్ధి రాదని ఆమె నమ్మకం.

ఆఫీసులో అందరూ పెద్దక్క అని పిలిచే ఈ మనిషికి నలభై ఆరేళ్లు. ఫోన్లో డబ్బు దాచుకోవడానికీ పంపుకోవడానికీ పనికొచ్చే యాప్ ఒకటి నడుపుతోంది. అంతకుముందు పదమూడేళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చుంది. సంతకం కలవలేదని ఒకరినీ, ఫోటో పాతదని ఇంకొకరినీ వెనక్కి పంపి పంపి, చివరికి తన మీద తనకే అసహ్యం పుట్టి బయటికొచ్చేసింది. వస్తూ తమ్ముణ్ణి కూడా వాడి ఉద్యోగంలోంచి లాక్కొచ్చింది. వాడు కంప్యూటర్ ముందు కూర్చుంటే పక్కన ఇల్లు తగలబడుతున్నా తల తిప్పని రకం.

టైర్ల దుకాణం పైన ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఎండాకాలం రబ్బరు వాసనకి తల తిరిగేది. రెండేళ్లు ఇద్దరికీ జీతం లేదు. తమ్ముడి పెళ్లాం అప్పుడే కాపురానికొచ్చిన పిల్ల. ఇద్దరికీ మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చేది, మెట్ల మీద కూర్చుని వాళ్లు తినేదాకా ఉండి ఖాళీ డబ్బా తీసుకెళ్లేది. ఈ ఇద్దరు పిచ్చివాళ్లూ ఏం చేస్తున్నారో ఆ పిల్లకి అర్థమయ్యేది కాదు. అయినా ఒక్కరోజు మొహం మాడ్చుకోలేదు.

"మన దగ్గర దాచుకోండని జనానికి చెప్తూ, మనం ఇంకో బ్యాంకులో దాచుకుంటే ఏం బావుంటుందక్కా?" అన్నాడు తమ్ముడు. ఒకటో నంబరు ఖాతా వాడిది, రెండోది అక్కది. ఆనాటి నుంచి వాడి సంపాదనంతా అందులోనే ఉంది.

యాప్ సరిగ్గా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి వాడు చిన్న ఏర్పాటు చేశాడు. రోజూ పొద్దున ఏడింటికి వాడి ఖాతాలోంచి అక్క ఖాతాలోకి ఒక రూపాయి దానంతటదే వెళ్తుంది. అక్క ఫోన్లో వాడి పేరుతో సందేశం మోగితే అంతా సవ్యంగా ఉన్నట్టు. మోగకపోతే ఏదో చెడిందని అర్థం, అక్క ఫోన్ చేసి వాణ్ణి నిద్ర లేపాలి. పదేళ్లలో అలా లేపింది మహా అయితే ఆరుసార్లు.

ఆ గదిలో ఉండగానే వాళ్లకి పెద్ద దెబ్బ తగిలింది. ఒక ప్రబుద్ధుడు కన్నతల్లి చనిపోయిందని దొంగ పత్రం పుట్టించి, ఆవిడ దాచుకున్నదంతా ఊడ్చుకుపోయాడు. పాపం ఆ తల్లి కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చి, "నేను చచ్చిపోయానని మీకెవరు చెప్పారు నాయనా?" అని అడిగింది. తమ్ముడికి ఆ వారమంతా అన్నం సయించలేదు. కూర్చుని ఒక నియమం రాశాడు. చనిపోయాడంటున్న మనిషి ఖాతాలో ఆ తేదీ తర్వాత కూడా డబ్బు కదులుతుంటే, ఎవరు ఏ పత్రం తెచ్చినా యంత్రం నమ్మదు. మూడుసార్లు అడిగితే, అడిగినవాళ్ల ఖాతాని కూడా బిగించేస్తుంది. పెద్దక్క తప్ప మధ్యలో ఏ మనిషీ వేలు పెట్టడానికి లేదు. మనిషైతే జాలిపడతాడు, మొహమాటపడతాడు, లంచం తింటాడు. "మా దగ్గర బతికున్న మనిషిని ఎవరూ చంపలేరు" అని పెద్దక్క సభల్లో చెప్పేది. చప్పట్లు మోగిపోయేవి.

తమ్ముడు పోయింది జ్వరంతో. కొత్త మార్పులు విడుదల చేయాల్సిన వారం అది. జ్వరమని మంచం ఎక్కినవాడికి పెద్దక్క మూడుసార్లు ఫోన్ చేసింది. ఎలా ఉన్నావని ఒకసారీ, పని ఎంతవరకు వచ్చిందని రెండుసార్లూ. నాలుగో రోజు ఆస్పత్రిలో చేర్చారు. వాడి ప్రాణం పోతున్నప్పుడు ఆమె కింద కారు పక్కన నిలబడి, పెట్టుబడిదారుడితో ఫోన్లో మాట్లాడుతోంది. పైకి వెళ్లేసరికి మరదలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"మీ కంపెనీయే తినేసింది వదినా, మా ఆయన్ని," అంది.

ఆ మాట నిజమని పెద్దక్కకి లోపల తెలుసు. తెలుసు కాబట్టే భరించలేకపోయింది. అంత్యక్రియలు అవగానే మొహం చాటేసింది. కానీ తన బాధ్యత మరిచిపోలేదని నిరూపించుకోవాలి కదా. తమ్ముడికి రావాల్సిన బకాయిలూ, దాని మీద రెండేళ్ల జీతమూ వాడి ఖాతాలోనే వేయించింది. వేయించి చేతులు దులుపుకుంది. మరదలి నుంచి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి, అంత డబ్బు అందుకుని ఒక్క మాటైనా అనలేదని మనసులో గింజుకుంది. ఏడు నెలలు అలాగే గడిచాయి. ఫోన్ చేస్తే పోయేదేముంది? బెట్టు అడ్డొచ్చింది, అంతే.

ఆ ఏడు నెలలూ ఏడింటికి రూపాయి వస్తూనే ఉంది. వాడు పోయిన పదో రోజున టెస్టింగ్ చూసే అమ్మాయి గది బయట కాసేపు తచ్చాడి లోపలికొచ్చింది.

"అక్కా, ఆ పొద్దుటి రూపాయి... సార్ ఖాతాలోంచి తీసేసి వేరేదాంట్లో పెట్టమంటారా?"

"ఉండనీ."

"అంటే, ఆ ఖాతా ఇంక..."

"ఉండనిమ్మన్నానా!"

ఆ అమ్మాయి మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇక ఆ శుక్రవారం. మొదటి మూడు ఫిర్యాదులూ మామూలువే. అక్షరాలు చిన్నగా ఉన్నాయని ఒకరు, పాస్‌వర్డ్ మరిచిపోయి నలుగురి ముందు తలవంపులయిందని ఒకరు, సందేశాలతో చంపుతున్నారని ఇంకొకరు. హాల్లో నవ్వులు కూడా వినిపించాయి. పెద్దక్క నాలుగో కాగితం తీసింది.

"అయ్యా, లేదా అమ్మా. ఇది ఎవరు చదువుతారో నాకు తెలీదు. నా భర్త చనిపోయి ఏడు నెలలైంది. ఆయన డబ్బు ఇప్పించమని మూడుసార్లు రాశాను. ఆయన బతికే ఉన్నట్టు మూడుసార్లూ జవాబిచ్చారు. రోజూ పొద్దున ఏడింటికి ఎవరికో ఒక రూపాయి పంపుతున్నాడట..."

ఆమె గొంతు అక్కడ ఆగింది. ముందు వరసలో టెస్టింగ్ అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇక్కడితో ఆపేసి కాగితం మడిచేయొచ్చు. కానీ వచ్చింది వచ్చినట్టు చదవాలన్నది తన నియమమే. పెద్దక్క మిగతాది కూడా చదివింది.

"ఇప్పుడు నేనే దొంగనని నా ఖాతా కూడా ఆపేశారు. డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ఆ రూపాయి ఎవరికి వెళ్తోందో వాళ్ల చిరునామా ఇవ్వండి. నేనూ నా కూతురూ అక్కడికే వెళ్తాం. అంత నిక్షేపంగా బతికుంటే ఇంటికి రమ్మని పిలుచుకొస్తాం."

కాగితం బల్ల మీద పెట్టి ఆమె బయటికి నడిచింది. వెళ్తూ టెస్టింగ్ అమ్మాయి దగ్గర ఆగి, "దాన్ని ఆపెయ్యమ్మా, ఇప్పుడే," అంది. ఆ అమ్మాయి తలూపింది.

పాత ఇంటికి వెళ్తే వాళ్లు ఖాళీ చేసి మూడు నెలలైందని కింద వాటా ఆవిడ చెప్పింది. చెబుతూ పెద్దక్కని పైనుంచి కిందిదాకా ఒక చూపు చూసింది, సొంత ఆడపడుచుకే తెలీదా అన్నట్టు. కొత్త చిరునామా కూడా ఆవిడే ఇచ్చింది. లాండ్రీ వెనక సందులో, రెండో అంతస్తులో ఒక గది. తలుపు తీసే ఉంది. మరదలు కుట్టుమిషను దగ్గర కూర్చుని ఎవరివో స్కూలు యూనిఫారాలకి గుండీలు కుడుతోంది. పదకొండేళ్ల మేనకోడలు కింద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

"అత్తా!" అంటూ లేచి, తల్లి మొహం చూసి మళ్లీ కూర్చుండిపోయింది.

"రండి వదినా," అంది మరదలు. స్టూలు మీది బట్టలు తీసి కింద పెట్టింది. పెద్దక్క కూర్చోలేదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా? ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది కదా."

"మీకు తెలీదా?"

"తెలీదు."

మరదలు ఆమె వంకే చూసింది. "తెలుసనుకున్నాను. ఆస్పత్రిలో నేనన్న మాట మనసులో పెట్టుకుని ఇలా సాధిస్తున్నారనుకున్నాను. సరే, నోరు జారింది నేనే కదా అని ఊరుకున్నాను. అద్దె కట్టలేక ఇల్లు మారాం. పిల్ల స్కూలు మార్చాను. ఆయన ల్యాప్‌టాప్ కూడా అమ్మేశాను వదినా. అందులో పాప చిన్నప్పటి ఫోటోలున్నాయి. ఎలా తీయాలో నాకు తెలీలేదు, కొన్న కుర్రాడు తుడిచేశానన్నాడు."

పెద్దక్క నేల మీదే, మేనకోడలి పుస్తకాల పక్కన కూలబడింది.

"ఆ రూపాయి ఎవరికి వెళ్తోందో కనుక్కున్నారా?" అంది మరదలు.

"నాకే."

గుండీ కుడుతున్న మరదలి చెయ్యి ఆగిపోయింది.

"యాప్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి వాడు పెట్టింది. వాడు పోయాక తీసెయ్యమంటారా అని అడిగారు. నేనే వద్దన్నాను. పొద్దున్నే ఫోన్ మోగితే వాడి పేరు కనపడుతుంది. ఒక్క క్షణం... వాడే పంపినట్టుంటుంది. దానివల్ల నీకిలా అవుతుందని నా బుర్రకి తట్టలేదు. వాడు రాసిన నియమం నాకు కంఠతా వచ్చు. అయినా తట్టలేదమ్మా."

మరదలికి కోపం వచ్చింది. ఏడు నెలలుగా లోపల అణుచుకున్న కోపం అది.

"ఏడు నెలలూ ఆయన్ని మీరొక్కరే దాచుకున్నారా వదినా?"

పెద్దక్క సంచిలోంచి తన ల్యాప్‌టాప్ తీసి తెరిచింది. ఇలాంటి పని ఎలా చేయాలో ఆమెకి బాగా తెలుసు.

"నియమాన్ని పక్కన పెట్టే అధికారం నాకుంది. నీ ఖాతా ఇప్పుడే విడిపించాను. ఇంక ఒక్క కాగితమే. దరఖాస్తు ఇంకొకసారి నింపు. ఈసారి ఆగదు, పూచీ నాది."

"నేను నింపను."

"అమ్మాయ్..."

"ఆయన చనిపోయాడని నా చేత్తో మూడుసార్లు రాశాను. రాసినప్పుడల్లా, లేదు బతికే ఉన్నాడని జవాబొచ్చేది. ఒకసారి నేనే నమ్మాను, తెలుసా? సాయంత్రం తలుపు చప్పుడైతే లేచి వెళ్లి చూశాను. నాలుగోసారి రాయడం నా వల్ల కాదు." సూది పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది. "మీరు రాయండి. మీరు ఒక్కసారీ రాయలేదు కదా."

నిజమే. ఒక్కసారీ రాయలేదు. పైకి అనను కూడా లేదు. ఆఫీసులో ఎవరికైనా చెప్పాల్సి వస్తే "తమ్ముడు లేనప్పటినుంచీ" అనేది, వాడెక్కడికో ఊరెళ్లినట్టు.

పెద్దక్క ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. ఖాతాదారు పేరు రాసింది. దరఖాస్తు చేస్తున్నవారితో సంబంధం: అక్క. మరణించిన తేదీ రాయడానికి క్యాలెండరు చూసుకోనక్కర్లేకపోయింది. ఆ కింద, ఆనాటి దొంగ పత్రం గొడవ తర్వాత తమ్ముడు పట్టుబట్టి చేర్చిన ప్రశ్న ఉంది. ఈయన మరణించారని మీకు ఎలా తెలుసు?

ఆమె అక్కడ ఆగిపోయింది. తను దగ్గర లేదు. కింద కారు పక్కన నిలబడి, ఇంకో రెండు వారాల్లో అంతా సిద్ధమవుతుందని ఎవరికో మాటిస్తోంది.

"దీనికి నువ్వేమని రాశావు?" అని అడిగింది.

"నా చేతుల్లోనే పోయాడని రాశాను," అంది మరదలు. "మూడుసార్లూ అదే రాశాను."

పెద్దక్కకి అప్పుడు ఏడుపొచ్చింది. ఆస్పత్రిలో రానిదీ, ఈ ఏడు నెలల్లో ఎప్పుడూ రానిదీ ఒక్కసారిగా తన్నుకొచ్చింది. మేనకోడలు భయపడి తల్లి వైపు చూసింది. మరదలు లేచి వచ్చి వదిన పక్కన నేల మీద కూర్చుంది. ఓదార్చలేదు, ముట్టుకోలేదు, కూర్చుందంతే. కాసేపటికి పెద్దక్క కొంగుతో మొహం తుడుచుకుని, ఆ ప్రశ్న ఎదురుగా మూడు మాటలు రాసింది.

అతని భార్య చెప్పింది.

మరదలు ముందుకు వంగి, ఆ మూడు మాటలూ పెదవులు కదుపుతూ చదువుకుంది.

"అది సరిపోతుందా వదినా?" అంది.

"మొదటిసారే సరిపోవాల్సిందమ్మా," అంది పెద్దక్క.