రాయి పెట్టే మనిషి

మా కారుకి హ్యాండ్‌బ్రేకు ఉందన్న మాటే గానీ, ఇరవై రెండేళ్లుగా ఆ పని చేస్తున్నది నేను. ఏటవాలులో ఎక్కడ ఆపినా మావారు కాలు బ్రేకు మీద నొక్కిపట్టి "ఊఁ, కానీ" అంటారు. కాళ్ల దగ్గరున్న రాయి రెండు చేతులా ఎత్తుకుని నేను దిగాలి, వెనక చక్రం కింద పెట్టాలి, "పెట్టాను" అని అరవాలి. అప్పుడు గానీ అయ్యగారు కిందికి దిగరు.

నాకు కారు నడపడం వచ్చు, లైసెన్సూ ఉంది. కానీ ఒక్కదాన్నే వెళితే రాయి పెట్టే దిక్కెవరు? అందుకే వెళ్లలేదు.

మొన్న మా అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది. సోమవారం నుంచి ఆరు వారాలు, వారానికి మూడు రోజులు, పొద్దున పదింటికి వ్యాయామానికి తీసుకురమ్మన్నారు. ఇప్పుడు వంగకపోతే ఆ కాలు ఇక వంగదని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. అక్క ఒక్కతే ఉంటుంది, ఆ ఇల్లేమో నిటారు వీధిలో. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు అద్దె కారు డ్రైవరు ఎక్కడం ఆలస్యమైందని విసుక్కుంటే, అక్క ఇక చచ్చినా అద్దె కారు ఎక్కనంది. పదింటికి మావారు ఆఫీసులో ఉంటారు.

"ఈ ఆదివారం హ్యాండ్‌బ్రేకు సంగతి తేల్చేస్తాను," అన్నాను.

"ఏటా బిగిస్తూనే ఉన్నాను కదే. పాత కారు, అంతే."

బిగించిన మాట నిజమే. లివరు అడుగున ఉన్న నట్టుని తిప్పీ తిప్పీ మర చివరికంటా తెచ్చేశారు. ఇక తిప్పడానికి చోటు లేదు. లివరు లాగితే పద్నాలుగు టిక్కులు కొట్టి పైకి లేస్తుంది, కారు మాత్రం జారుతూనే ఉంటుంది.

వీధి చివర మెకానిక్ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. నడుం నొప్పితో షెడ్డు మూసేసి కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"నేను వంగలేనమ్మా. చెప్తాను, నువ్వు చేసుకో. మీ ఆయన ఆ నట్టు తిప్పి, లివరు నుంచి చక్రాలకి పోయే తీగని బిగిస్తున్నాడు. చక్రాన్ని పట్టుకునేవి లోపలి షూలు. అవి అరిగి, చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకి దూరమైపోయాయి. ముందు తీగ పూర్తిగా వదులు చెయ్యి. తర్వాత షూలు దగ్గరికి జరుపు. తీగ బిగించేది ఆఖర్న."

బడిపిల్లలా నా చేత మూడుసార్లు అప్పచెప్పించుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు చదును నేల మీద కారు పెట్టి, నట్టు వదులు చేశాను. మావారు లబలబలాడారు. "ఉన్న కాస్తా ఊడగొట్టావు కదే!"

"ఉన్నదేముంది గనక? ముందు చక్రాలకి రాళ్లు పెట్టండి," అన్నాను. ఆయన పెట్టారు. "పెట్టాను" అని చెప్పడం కూడా మర్చిపోలేదు. నాకు నవ్వాగలేదు.

జాకీతో వెనక భాగం లేపి, ఎడమ చక్రం విప్పాను. డ్రమ్ము రంధ్రంలోంచి స్క్రూడ్రైవరు పెట్టి షూలని జరిపే పళ్ల చక్రాన్ని తిప్పుతూ పోతే డ్రమ్ము బిగుసుకుపోయింది. అక్కడి నుంచి అది మళ్లీ తేలిగ్గా తిరిగేదాకా నాలుగు పళ్లు వెనక్కి వదిలాను. పెద్దాయన చెప్పింది అచ్చం అలాగే.

కుడి వైపుది మాత్రం తుప్పు పట్టి మొండికేసింది. నూనె పోశాను, ఆగాను, తిప్పాను. మళ్లీ పోశాను. వేళ్ల మీద తోలు లేచిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంట అయింది.

"పోనీ, రేపు సెలవు పెడతాలే," అన్నారు మావారు.

"బుధవారం? శుక్రవారం? ఆరు వారాలూ పెడతారా?"

ఆయన లోపలికెళ్లి టార్చిలైటు తెచ్చి, నా పక్కన గొంతుక్కూర్చుని రంధ్రంలోకి వెలుతురు పట్టారు. ఆ వెలుతురులో ఒక్క పన్ను కదిలింది. తర్వాత రెండోది. ఆనందం పట్టలేక ఆయన వీపు మీద ఒక్కటి చరిచాను, చొక్కాకి నల్లటి అచ్చు పడింది.

చక్రాలు బిగించి, కాలి బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి, చివర్లో తీగ బిగించాను. లివరు ఆరు టిక్కులకే గట్టిగా నిలిచింది. సాయంత్రం అక్క వీధిలో ఆపి చూశాం. నేను సీట్లోనే కూర్చున్నాను, మావారు రాయి పట్టుకుని చక్రం వెనకే పావుగంట కాపలా కాశారు. కారు అంగుళం కూడా జరగలేదు.

సోమవారం ఒక్కదాన్నే వెళ్లాను. అదే వీధి, అదే నిటారు. ఇంజను ఆపి లివరు లాగాను. ఆరు. బ్రేకు మీంచి కాలు సగం ఎత్తి, అద్దంలో వెనక వీధి చూసుకున్నాను. తీశాను. కారు నిలిచింది.

అక్క చేతికర్రతో గుమ్మంలోనే నిలబడి ఉంది. "మరిది రాలేదా? మరి రాయి ఎవరు పెట్టారే?"

"ఎవరూ పెట్టలేదు. రాయి ఇంట్లో ఉంది."

అక్క నమ్మలేనట్టు కారు వంక చూసింది. తర్వాత తలుపు పట్టుకుని, బరువంతా దాని మీద వేసి, మెల్లగా సీటు వైపు వంగింది. సగంలో మోకాలు కలుక్కుమనేసరికి, "అమ్మా" అంటూ ఒరిగిపోయింది. కారు కదల్లేదు. ఏటవాలులో కారు దిగినప్పుడు నా రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఇరవై రెండేళ్లలో ఇదే మొదటిసారి. ఆ రెండు చేతులతో అక్కని పట్టుకున్నాను.