దొరగారి నవ్వు

మా తమ్ముడికి నొప్పి పుడితే నవ్వుతాడు. ఈ ఒక్క ముక్క నర్సులకీ డాక్టర్లకీ తలకెక్కించడానికి నన్ను ఆసుపత్రి మీటింగు హాలుకి పిలిచారు. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడటం అలవాటే గానీ చేతిలో మైకు పట్టుకుని మాట్లాడటం నా వల్ల అయ్యే పని కాదని ముందే చెప్పాను. వాళ్ళు వినలేదు.

వాడికి ముప్ఫై దాటాయి. ఆటిజం ఉంది, బుద్ధి ఎదుగుదల చిన్నప్పుడే ఒక చోట ఆగిపోయింది. మాటలు గుప్పెడే: అక్కా, నీళ్ళు, పద, వద్దు. ఇంట్లో వాణ్ణి దొర అంటాం. కుర్చీ ఎక్కాడంటే కాలు మీద కాలేసుకుని, మేమంతా వాడి కొలువులో ఉన్నట్టు చూస్తాడు మరి. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మే చూసుకుంది. ఆవిడ పోయాక వాడు నా వాటాకి వచ్చాడు. వాణ్ణి అడిగితే నేనే వాడి వాటాకి వచ్చానంటాడేమో. పగలంతా నా మిషను పక్కనే ఉంటాడు. నేను కుడుతుంటే గుడ్డ అంచు పట్టుకుని వేళ్ళతో తడుముతుంటాడు. వేలు దూరే సందు ఎక్కడ కనపడినా వాడి వేలు అందులో ఉండాల్సిందే.

పోయినసారి కడుపులో నొప్పి వస్తే ఇదే ఆసుపత్రికి తెచ్చాను. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయని అప్పటికి ఎవరికీ తెలియదు. వాడు మంచం మీద పొర్లుతూ పగలబడి నవ్వుతున్నాడు. "భలే హుషారుగా ఉన్నాడే!" అన్నారు వార్డులో. "హుషారు కాదండీ, నొప్పి" అని నేను మొత్తుకుంటే, ముందు నాకు మందివ్వాలన్నట్టు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. గ్యాసుకి మాత్ర ఇచ్చి ఇంటికి పంపేశారు. మళ్ళీ తెచ్చేసరికి లోపల చీము పట్టేసింది. చావు అంచుల దాకా వెళ్ళి వచ్చాడు. చీము తీసి, ఒళ్ళు కాస్త కోలుకున్నాక ఆపరేషన్ చేస్తామన్నారు.

ఆ ఆపరేషన్ ఈ మీటింగుకి మర్నాడే. అది అయ్యాక మత్తు దిగేదాకా రికవరీ గదిలో ఉంచుతారట. అక్కడ మిగతా రోగులు కూడా ఒంటి మీద బట్ట సరిగా లేకుండా పడుకుని ఉంటారు కాబట్టి ఇంటివాళ్ళని లోపలికి రానివ్వరట. బతిమాలాను. పోట్లాడాను. లోపల వాడు నవ్వితే ఎవరికి తెలుస్తుందని పెద్ద నర్సుని నిలదీశాను. ఆవిడ మంచిది, పోయినసారి జరిగిన దానికి తల దించుకున్న మనిషి. "మిమ్మల్ని రానివ్వడం నా చేతుల్లో లేదమ్మా. మీకు తెలిసింది మా వాళ్ళకి నేర్పించండి. అందర్నీ నేను కూర్చోబెడతాను" అంది.

ఒప్పుకున్నాను. కానీ లోపల ఒకటి గట్టిగా అనుకున్నాను. వీళ్ళు నేర్చుకున్నారని నాకు నమ్మకం కుదరకపోతే, ఆపరేషనూ వద్దు ఏమీ వద్దు, ఆ మధ్యాహ్నమే వాణ్ణి ఇంటికి తీసుకుపోతాను. రాళ్ళు అలాగే ఉంచితే మళ్ళీ చీము పడుతుందనీ, రెండోసారి బతకడం కష్టమనీ డాక్టరు చెప్పే ఉన్నాడు. తెలిసే అనుకున్నాను. నవ్వుతూ చచ్చిపోతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ముచ్చటపడి చూడటం కన్నా, నా ఎదురుగా ఏమైనా అవ్వనీ అనిపించింది.

హాలు నిండా మడత కుర్చీలు. మోతపెడుతున్న ట్యూబులైటుని దొర కోసం పెద్ద నర్సే ఆర్పించింది. వాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టాం. వాడి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళలో డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు ఆవలిస్తున్నారు, డ్యూటీ ఎక్కాల్సినవాళ్ళు గడియారం చూసుకుంటున్నారు.

"ముట్టుకునే ముందు చెప్పండి" అని మొదలుపెట్టాను. "ఏం చేయబోతున్నారో ముందు మీ చేతి మీద చేసి చూపించండి. తర్వాతే వాడి చెయ్యి పట్టుకోండి. అందరూ ఒకేసారి మీద పడి మాట్లాడొద్దు. ఒక్కళ్ళే మాట్లాడాలి, మాట్లాడాక కాసేపు ఆగాలి. మాట వాడి లోపలికి వెళ్ళి బయటికి రావడానికి టైము పడుతుంది. ఈలోపు మీరు ఇంకోటి అడిగారంటే మొదటిది పోతుంది."

తలలు ఊపారు. తల ఊపడం నేర్చుకోవడం కాదని నాకు తెలుసు. కొలతలు చెబుతుంటే మా పనిపిల్ల కూడా అలాగే ఊపుతుంది, ఆనక చేతులు పొట్టిగా కుడుతుంది. నవ్వు సంగతికి వచ్చేసరికి మధ్య వరసలోంచి ఒక కళ్ళద్దాల నర్సు చెయ్యెత్తింది.

"నొప్పి నవ్వు ఎలా ఉంటుందండీ?"

"వింటే తెలుస్తుంది."

"మీకు తెలుస్తుంది. మాకెలా తెలుస్తుంది? గొంతులో తేడా ఉంటుందా?"

"ఉంటుంది."

"ఎలాంటి తేడా?"

ఒళ్ళు మండింది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ ప్రశ్నలమ్మ ఎక్కణ్ణుంచి దాపురించిందిరా బాబూ అనుకున్నాను. కోపం ఆవిడ మీద కూడా కాదు, జవాబు లేకపోవడం మీద. అమ్మ నాకు ఎప్పుడూ మాటల్లో చెప్పలేదు. "అదిగో, నొప్పి" అనేది, నేనూ "అవును, నొప్పి" అనేదాన్ని. దొర వైపు చూశాను.

"వాడికి నిజంగా నవ్వొస్తే పక్కనున్నవాళ్ళ మొహం చూస్తాడు. మనం కూడా నవ్వుతున్నామో లేదో చూసుకుంటాడు" అన్నాను చివరికి. "నొప్పికి నవ్వేటప్పుడు ఎవర్నీ చూడడు."

అనేదాకా ఆ సంగతి నాకే తెలియదు. ప్రశ్నలమ్మ ఆ మాట పైకే ఇంకోసారి అనుకుని కూర్చుంది.

అప్పుడే ఆపరేషన్ చేయబోయే డాక్టరు వచ్చాడు. భారీ మనిషి. ఆలస్యమైనందుకు చెయ్యెత్తి క్షమాపణ చెప్పి, నేరుగా ముందు వరసకి వచ్చి దొర పక్క కుర్చీలో ధబ్బున కూలబడ్డాడు. "ఏం దొరా, బాగున్నావా?" అన్నాడు.

దొర నవ్వాడు. పకపకా, హాలు మోగిపోయేలా నవ్వాడు. డాక్టరు మొహం విచ్చుకుంది. "నేనంటే ఎంత ఇష్టమో చూడండి!" అని తనూ నవ్వాడు. వెనక వరసలు కూడా అందుకున్నాయి. ఆవలించేవాళ్ళు కూడా నవ్వారు. నాకు గుండెల మీంచి బండ దింపినట్టయింది. రేపు కత్తి పట్టుకునే మనిషి మావాడికి నచ్చాడు, ఇంకేం కావాలి అనుకున్నాను. మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"చూశారా? ఇదీ నిజం నవ్వు. బాగా వినండి, గుర్తుపెట్టుకోండి."

"లేదండీ." ప్రశ్నలమ్మ లేచి నిలబడింది. "ఆయన ఎవర్నీ చూడట్లేదు."

నా తమ్ముణ్ణి నాకే చెబుతుందా అనిపించింది. నోటిదాకా వచ్చిన మాట అననందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. వాడి వైపు తిరిగాను. వాడి కళ్ళు డాక్టరు మీద లేవు, నా మీద లేవు. ఎదురుగోడ మీద ఎక్కడో ఉన్నాయి. పై పెదవి మీద చెమట పట్టింది.

అప్పటికే ఆవిడ వచ్చి వాడి ముందు గొంతుక్కూర్చుంది. "దొరగారూ, నేను చూస్తాను" అని చెప్పి తన భుజం తట్టుకుంది, మోచెయ్యి తట్టుకుంది, రెండు చేతులూ చాపి చూపించింది. ఆగింది. వాడు కుడి చెయ్యి చాపాడు. ఎడమ చెయ్యి రాలేదు. ఆవిడ ఆ చెయ్యి వెంట చూపు పోనిచ్చింది. అది రెండు కుర్చీల మధ్యకి వేలాడుతోంది. సగమే తెరిచి ఉన్న పక్క కుర్చీ మడత సందులో వేళ్ళు పెట్టుకుని ఆడుకుంటున్నాడు మావాడు. దాని మీద డాక్టరు బరువంతా ఒక్కసారిగా పడేసరికి ఆ సందు మూసుకుపోయింది.

"సార్, మెల్లగా లేవండి" అంది.

డాక్టరు లేచాడు. నవ్వు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. రెండు వేళ్ళు అణిగిపోయి నల్లబడ్డాయి. ఎవరో బేసిన్లో చల్లటి నీళ్ళు తెచ్చారు. ఆవిడ ముందు తన చెయ్యి అందులో ముంచింది. వాడు ఆ చేతిని చూశాడు, ఆవిడ మొహం చూశాడు, తర్వాత తన చెయ్యి పెట్టాడు.

డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళు చూశాడు. ఎముక విరగలేదన్నాడు. అంత మనిషీ సగానికి సగం అయిపోయాడు. "పక్కనే కూర్చుని నవ్వాను. నాకు తెలియలేదమ్మా" అన్నాడు.

"నాకూ తెలియలేదు" అన్నాను. మైకు ఇంకా చేతిలోనే ఉందని అప్పుడు తెలిసింది. హాలంతా వినపడింది.

ఎందుకు తెలియలేదో ఆలోచిస్తే చాలా సులువు. వాడు సంతోషంగా ఉండాలని ఆ క్షణాన నాకు ఎంత కావాలనిపించిందో చెప్పలేను. కావాలనుకున్నదే వినపడింది. పోయినసారి వార్డులో వాళ్ళకి కూడా అంతేనేమో. అప్పటిదాకా వాళ్ళని నేను తిట్టని తిట్టు లేదు.

అందరూ వెళ్ళిపోతుంటే ప్రశ్నలమ్మని పట్టుకున్నాను. "రేపు రికవరీ గదిలో ఎవరుంటారు సిస్టర్?"

"నేనూ, ఇంకో ఇద్దరు."

"ఆ ఇద్దరూ ఇవాళ ఇక్కడున్నారా?"

"ఉన్నారండీ. వెనకాల కూర్చుని నవ్వినవాళ్ళలోనే ఉన్నారు" అంది, నాకు ఇష్టమైన మాట చెప్పాలని ఏమాత్రం చూడకుండా. తర్వాత అంది: "నేను కూడా మొదట నవ్వానండీ."

దొర కట్టు కట్టిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని "పద" అన్నాడు. ఇంటికని వాడి ఉద్దేశం. నేను వాణ్ణి వార్డులో మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. సరైన పనే చేస్తున్నానా అంటే, ఆ పూటకి నాకు తెలియదు. తెల్లవార్లూ తెలియదు.

మర్నాడు ఆపరేషన్ బాగానే జరిగింది. డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. ఆ వెనకే స్ట్రెచర్ మీద వాణ్ణి నా ముందు నుంచే తోసుకుపోయారు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. రికవరీ గది తలుపు మూసుకుంది. అద్దానికి తెల్ల రంగు వేశారు, లోపల ఏమీ కనపడదు. ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒకావిడ నాతో ఏదో మాట్లాడుతోంది. ఊ కొడుతున్నాను గానీ ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు.

కొంతసేపటికి లోపల్నుంచి నవ్వు వినిపించింది. వాడిదే.

ఏ నవ్వో తెలియలేదు. మొహం కనపడితే కదా. మత్తులో ఊరికే నవ్వుతున్నాడో, పొట్ట కోతకే నవ్వుతున్నాడో, లోపల ఏదైనా జరగరానిది జరుగుతోందో. లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. రానివ్వకపోతే బద్దలు కొట్టుకునైనా వెళ్ళాలనే చెయ్యి వేశాను. లోపల ఇంకెవరో కూడా చిన్నగా నవ్వారు. తలుపు నెట్టబోయాను.

"ఆగండి, నవ్వకండి" అంది ఇంకో గొంతు. "ఎవర్నైనా చూస్తున్నాడా?"

చెప్పుల చప్పుడు రెండడుగులు జరిగింది. మళ్ళీ అదే గొంతు:

"లేదు. నొప్పే. డాక్టర్ని పిలవండి, ఇంజక్షన్ తీయండి. దొరగారూ, ఇటు చూడండి, ముందు నా చేతికి చేసి చూపిస్తాను."

అడుగుల చప్పుడు. ఏదో ట్రే కదిలింది. నవ్వు మెల్లగా తగ్గుతూ వచ్చింది. తర్వాత వాడి గొంతు, బొంగురుగా: "నీళ్ళు." ఇప్పుడే తాగకూడదని, పెదవులు తడుపుతానని ఆ గొంతు వాడికి చెబుతోంది.

అది ప్రశ్నలమ్మ గొంతు కాదు. అంతకు ముందు నేనెప్పుడూ వినని గొంతు. ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. తలుపు మీంచి చెయ్యి తీసేసి, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను.